పసుపు తేమకు చీటీ కావాలి

ఆర్మూరు ప్రాంత రైతు ఎర్రజొన్న, పసుపు రెండూ పండిస్తాడు. ఎర్రజొన్న విత్తన వ్యాపారుల గోదాముకు చేరగానే తేమ మీటరు పెట్టి చూస్తారు, జల్లెడ పట్టి గ్రేడు చేస్తారు. అదే రైతు పసుపు నిజామాబాద్ యార్డుకు తెస్తే, ఖరీదుదారు కొమ్ము విరిచి, చప్పుడు విని, లోపలి రంగు చూసి ధర కడతాడు. అనుభవజ్ఞుని చెయ్యి సాధారణంగా తప్పు చెప్పదు. అయితే ఆ తీర్పును దూరాన ఉన్న కొనుగోలుదారుకు కాగితం మీద చూపలేము.

పక్క పరిశ్రమ పనిముట్టు అరువు తెచ్చుకోవడం పసుపుకు కొత్త కాదు. కడాయిలో ఉడికించినప్పుడు కొంత మెత్తబడేది, కొంత పచ్చిగా మిగిలేది. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లకు పట్టినట్లే ఆవిరి పట్టే బాయిలర్లు వచ్చాక నీరు, కట్టెలు ఆదా అయ్యాయి, ఉడుకు సమంగా వస్తున్నది.

తరువాతి అడుగు ఆరబెట్టడం. ఉడికిన పసుపు కళ్లంలో 10 నుంచి 15 రోజులు ఎండాలి. మధ్యలో వాన పడితే రంగు పోయినట్లే. వేడిగాలి డ్రయ్యరు ఇందుకు పనికివస్తుంది, కాని వేడి 60 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. ధాన్యం మీటరును కూడా పసుపుకు సరిచేయకుండా వాడితే తప్పుడు అంకెలు చూపుతుంది. బియ్యం మిల్లుల్లోని కలర్ సార్టరు మచ్చల కొమ్ములను ఏరగలదు గాని కుర్కుమిన్ ఎంతో చెప్పలేదు. దానికి ప్రయోగశాల పరీక్షే శరణ్యం.

ఈ ఖర్చు ఎవరు భరించాలి? బాగా ఎండిన సరుకుకూ తేమ సరుకుకూ ధరలో తేడా లేకపోతే ఏ రైతూ డ్రయ్యరుకు అద్దె కట్టడు. 2016లో ఈ-నామ్ తొలి విడత మార్కెట్లలో నిజామాబాద్ ఒకటి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా ఇక్కడే ప్రారంభమైంది. తెర మీద వేలం, ఊళ్లో బోర్డు ఉన్నా, లాటుకు పరీక్ష చీటీ లేకపోతే బయటి ఖరీదుదారు ధైర్యంగా పాట పెంచడు.

అడ్తిదారులు, ఖరీదుదారులు కూర్చుని, ప్రతి లాటుకూ తేమ చీటీ, శాతానికి ఇంత అని హెచ్చుతగ్గులు వేలానికి ముందే నిర్ణయించుకోవడం మంచిది. తేమ సరుకు కొని నిల్వ చేస్తే తూకం తరిగేదీ, బూజు పట్టేదీ వ్యాపారి గోదాములోనే. ఆ నష్టం ముందు మీటరు ఖరీదు ఏపాటి?