ద్వీపగ్రామమును చూచుట యెట్లు?

మన ప్రాంతమున విహారయాత్ర యనగానే బడిపిల్లలకు ముందుగా తలపునకు వచ్చునది రామేశ్వరము. తిరుత్తంగల్, కోవిల్పట్టి, విరుదునగరముల చుట్టునున్న మన తెలుగువారిలో పెక్కుమంది నల్లరేగడి నేలను నమ్ముకొని బ్రదికినవారు. ప్రత్తి, మిరప, అగ్గిపెట్టె మన పిల్లలకు దెలిసినట్లు అల, వల, పడవ తెలియవు. కావున వారినొక ద్వీపమునకు గొనిపోవుట మంచిదే. అచ్చట వారేమి చేయవలెనన్నదే ప్రశ్న.

సాధారణముగా జరుగుచున్నదేమి? దేవాలయమున ఇరువదిరెండు తీర్థముల స్నానము, దర్శనము, పిమ్మట ధనుష్కోటి తీరమున సెల్‌ఫోనులతో ఫొటోలు, అంగడిలో గవ్వల దండలు, రాత్రికి తిరుగు ప్రయాణము. మరునాడు “ఏమి చూచితివి?” అని యడిగినచో “బాగున్నది” అను నొక్క మాటయే ప్రత్యుత్తరము. దైవదర్శనమును నేను తక్కువ చేయుటలేదు. కాని చూచినదానిని తన భాషలో రెండు పుటలు వ్రాయలేని విద్యార్థి దానిని సగమే చూచినాడని నా యభిప్రాయము.

పాంబన్ గ్రామమునే తీసికొందము. ప్రధాన భూభాగమునుండి ద్వీపములో నడుగిడగానే వచ్చు నూరిది. 1914 ఫిబ్రవరి 24న తెరచిన పాత రైలువంతెన ప్రక్కనే, 2025 ఏప్రిల్ 6న క్రొత్తవంతెన ప్రారంభమైనది. ఓడ వచ్చినపుడు దాని నడిమి భాగము నిట్టనిలువుగా పైకి లేచును. అందరును దానినే చూతురు. వంతెన క్రింద బ్రదుకుచున్న యూరిని చూచువారు కొలదిమంది. అచ్చట తెల్లవారకముందే పడవలు ఒడ్డు చేరును, చేపల వేలము కేకలతో సాగును, స్త్రీలు బేరమాడుదురు, ముసలివారు వలలు బాగుచేయుదురు. ఆ తీరపు స్త్రీలలో కొందరు సముద్రములో మునిగి పాచిని సేకరించి జీవించుచున్నారు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని, తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధము. మనము వేసవి సెలవులలో పోయి “పడవలన్నియు ఊరక నిలిచియున్నవే” యని పెదవి విరుతుము. కారణ మడిగిన పిల్లవానికి అదే యొక పాఠమగును.

వ్రాయదలచినవాడు అడుగవలెను, అడుగువాడు వినయముగా నుండవలెను. ఫొటో తీయువానికి ఈ రెండును అక్కరలేదు. అన్నమునకై శ్రమించుచున్న మనుష్యుని, అనుమతి యడుగక, వింతజంతువును చూచినట్లు చూచుట అమర్యాద. మన పొలములో మనము కలుపు తీయుచుండగా ఎవరో కారు దిగి నవ్వుచు ఫొటో తీసినచో మనకెట్లుండును? అన్నా, అక్కా యని పిలిచి యడిగినచో ఆ జాలరులే మనకు గురువులగుదురు. ద్వీపమున కుత్తరమున నెమ్మదిగా నుండు సముద్రమును “పెణ్ కడల్” అనియు, దక్షిణమున ఉగ్రముగా నుండుదానిని “ఆణ్ కడల్” అనియు వారు వ్యవహరింతురు. ఏ పాఠ్యపుస్తకము ఇంత చక్కగా చెప్పును?

“తమిళములో అడిగి తెలుగులో వ్రాయుట యెందుకు?” అని కొందరు తల్లిదండ్రులు తలపవచ్చును. అదియే మన బలము. వారు కడల్ అన్నది మనకు కడలి; వారి అలై మన అల; వారి వలై మన వల; వారి శిప్పి మన చిప్ప. రెండు భాషలు నెరిగిన పిల్లవానికి ఈ బంధుత్వము తానై తోచును. ఇంటిలో మాటలాడు తెలుగు పొయ్యికిని పొలమునకును చాలును. సముద్రమును గూర్చి వ్రాయబూనినపుడే ఆటుపోటులు, ఉప్పెన, తెప్ప వంటి పదముల నవసరము కలుగును. అవసరము లేని పదము నిలువదు.

ఇది క్రొత్త మార్గము గాదు. మదరాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశికి బయలుదేరి 1831లో తిరిగివచ్చెను. దారిలోని యూళ్లు, బాటలు, నీరు, దొరకు సరకులు, జనుల యాచారములు అన్నియు తెలుగున వ్రాసియుంచెను. ఆ కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చయ్యెను. తమిళదేశమున వసించుచు, పరభాషా ప్రాంతములను తిరిగి, తెలుగున వ్రాసిన యాయన మనకు మేలుబంతి.

వ్రాతకు మరియొక ప్రయోజనము కలదు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానుతో లేచిన యుప్పెన ధనుష్కోటి పట్టణమును ముంచివేసెను. పాంబన్ నుండి వచ్చుచున్న రైలు నూరుమందికి పైగా ప్రయాణికులతో కొట్టుకొనిపోయెను. నేడచ్చట స్టేషను గోడలు, చర్చి శిథిలములు మిగిలినవి. ఒక్క రాత్రిలో ఊరు పోవచ్చును. దానిని చూచి వ్రాసినవారి మాట మాత్రము నిలుచును.

కావున నా సూచన యిది. ఈ యేటి యాత్రకు పోవు ప్రతి విద్యార్థియు ఒక నోటుపుస్తకము తీసికొనిపోవలెను. ఒక మనిషి పని, ఒక వస్తువు ధర, రెండు భాషలలో అయిదు పదములు అందు వ్రాసికొనవలెను. పగడపురాళ్లను తాకరాదు, వానిని సేకరించుట చట్టవిరుద్ధము. ప్లాస్టిక్కు నచ్చట విడువరాదు. ఇల్లు చేరిన పిమ్మట రెండు పుటలు తెలుగున వ్రాసి తల్లిదండ్రులకు చదివి వినిపింపవలెను. తెలుగు చదువరాని తల్లియైనను వినగలదు. విని, ఒక తప్పు దిద్దినను, ఒక ప్రశ్న వేసినను, యాత్రకైన ఖర్చు వ్యర్థము గాదు.