రాజుగారి మట్టి మిద్దె

పండగొస్తోందంటే కర్నూలు, కడప పల్లెల్లో మట్టి మిద్దెలకు కొత్త కళ వచ్చేది. గోడకు తెల్లగా సున్నం, కింద ఎర్రటి జాజు పట్టె, గడపకు పసుపు. జాజు ఆరాక దానిమీద తెల్లటి తామరలు, తీగలు, చిలకలు వెలిసేవి. వేసేది ఆ ఇంటి ఆడవాళ్లే.

సుమారు 3,400 ఏళ్ల కిందట ఓ చక్రవర్తి ఇల్లూ ఇంచుమించు ఇలాగే ఉండేదంటే ఆశ్చర్యమే! ఈజిప్టును ఏలిన మూడో అమెన్‌హోటెప్ నైలు నదికి పడమట, ఇప్పటి లక్సర్‌కు ఎదుటిగట్టున మల్కటలో రాజమందిరం కట్టించాడు. గుళ్లకు రాయి వాడినా, తానుండే ఇంటికి మాత్రం ఎండబెట్టిన మట్టి ఇటుకలే. వాటిమీద మట్టిపూత, ఆ పూతమీద తామరలు, పూలచక్రాలు, ఎగిరే పక్షులు. ఎరుపు, పసుపు రంగులు మట్టిలోంచి తీసినవే. నలుపేమో మసి. నీలాన్ని మాత్రం ఇసుక, సున్నపురాయి, రాగి కలిపి కాల్చి తయారుచేసేవారు. తవ్వకాల్లో దొరికిన ఆ బొమ్మల ముక్కలు కొన్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆ మట్టిరంగులు సీమకు కొత్త కాదు. బేతంచెర్ల చుట్టుపక్కల పసుపుమట్టి గనులున్నాయి. కడప జిల్లా చింతకుంట దగ్గర ఆదిమానవులు రాళ్లమీద ఎర్రరంగుతో జంతువుల బొమ్మలు వేశారు. అటు లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు చిత్రకారులు పైకప్పంతా దేవతలతో నింపారు. ఆ బొమ్మల్లోని చీరల పూలు, అంచులు చూసి నేతగాళ్లు ఈనాటికీ మురిసిపోతారు.

మల్కట బొమ్మలను ఎడారి పొడిగాలి కాపాడింది. లేపాక్షికి పురావస్తు శాఖ కాపలా ఉంది. మరి మిద్దె గోడమీది తామరకు? దానికి అమ్మ చెయ్యే కాపలా. వానకు కరిగినా, ఎండకు వెలిసినా మరుసటి పండక్కి మళ్లీ పూసేది. ఏటా చెరిగిపోవడం, ఏటా పుట్టడం... అదే దాని ఆయుష్షు.

ఇప్పుడు మిద్దెలు పోయి స్లాబు ఇళ్లొచ్చాయి. ఎండలకు, వానలకు తట్టుకునే ఇల్లు కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ గోడతోపాటు చేతిపనీ పోతే, రేపు ఎంత తవ్వినా ఒక్క రేకూ దొరకదు.

ఈసారి పండక్కి ఊరెళ్తే పిల్లల్ని అవ్వ పక్కన కూర్చోబెట్టండి. ఆమె వేసే తీగను నోటుపుస్తకంలో దించమనండి. జాజు లేకపోతే ఏ రంగైనా సరే, సిమెంటు గోడైనా సరే. పువ్వుకు కావలసింది వేసే చెయ్యే!