ఎలుకల బాధకి ఇల్లు తగలబెడతారా?

మొన్న మా టీమ్ మీటింగులో ఓ ప్రతిపాదన వచ్చింది. రిపాజిటరీ బాగా లావైపోయింది, క్లోన్ కొట్టి టీ తాగొచ్చినా అవ్వట్లేదు, కాబట్టి పదకొండేళ్ళ కమిట్లన్నీ పీకేసి, ఇవాళ్టి కోడ్‌తో ఒకే ఒక్క 'ఇనిషియల్ కమిట్' పెట్టి కొత్తగా మొదలెడదామని. అందరూ తలలూపారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అసలు ఎందుకు లావైందో ఎవరైనా చూశారా? నేను చూశాను. కోడ్ వల్ల కాదు. ఎవరో మహానుభావుడు డేటాబేస్ డంపులు, జిప్ ఫైళ్ళు కమిట్ చేసి, తర్వాత నాలిక్కరుచుకుని డిలీట్ చేశాడు. డిలీట్ చేసినా గిట్ చరిత్రలో అవి అలాగే కూర్చునుంటాయి. మనం రాసే కోడ్‌ని గిట్ బాగానే కుదించి దాచుకుంటుంది. జిప్‌ల దగ్గరే దాని పప్పులుడకవు. తప్పు వాటిది, శిక్ష కమిట్లకా?

పోయిన నెల ఓ వింత ఇఫ్ కండిషన్ కనబడింది. తీసేద్దామనుకుంటూ బ్లేమ్ చూశాను. ఎప్పుడో మానేసిన ఒకాయన రాసిపెట్టాడు: ఫిబ్రవరి 29న తెరిచిన ఖాతాలకి మామూలు సంవత్సరంలో గడువు తేదీ తప్పు పడుతోంది, అందుకే ఇది అని. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఆ బగ్గుని నా చేత్తో నేనే మళ్ళీ పెట్టేవాణ్ణి.

"లైనక్స్ వాళ్ళే చేశారుగా" అన్నాడో మిత్రుడు. నిజమే, 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ పాత చరిత్ర తేకుండా 2.6.12-ఆర్‌సి2 తోనే గిట్‌లో మొదలెట్టాడు. కానీ పాతదాన్ని చెత్తబుట్టలో వెయ్యలేదు బాబూ! దాన్ని వేరే గిట్ రిపాజిటరీగా మార్చి ఉంచారు, కావాలంటే అతికించి చూసుకోవచ్చు. సగం కథ చెప్తే ఎలా?

యంత్రాలు రాసే కమిట్లైతే వేరే సంగతి. రస్ట్ వాళ్ళ ప్యాకేజీల ఇండెక్స్ చరిత్రని అప్పుడప్పుడూ కుదించేస్తుంటారు, అక్కడ పోయేదేం లేదు. మనవి మనుషులు రాసినవి.

మరేం చెయ్యాలంటారా? బిల్డ్ సర్వర్‌కి చరిత్రతో పన్లేదు, డెప్త్ 1 తో క్లోన్ చెయ్యండి. మనకి పార్షియల్ క్లోన్ ఉంది. అదీ చాలకపోతే, ముందు పూర్తి కాపీ ఒకటి దాచి, గిట్ ఫిల్టర్-రెపోతో ఆ పెద్ద ఫైళ్ళని మాత్రమే ఏరెయ్యండి. హాష్‌లు మారతాయి, అందరూ మళ్ళీ క్లోన్ చేసుకోవాలి, ఒప్పుకుంటా. కానీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నవి మిగుల్తాయి.

సోమవారం మళ్ళీ మీటింగుంది. నేనొక్కణ్ణే అయినా సరే, వద్దనే అంటాను. మీ ఆఫీసులో ఎలుకల్ని పడుతున్నారా, ఇల్లే తగలబెడుతున్నారా?