సొంత డబ్బుతో సొంత పాట.. మరి హక్కులు ఎవరివి? సిటీ బ్యాండ్‌లు ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇదే!

హైదరాబాద్: ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, రెండు గిటార్లు ఉంటే చాలు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలోనో, ఎల్బీనగర్‌లో మేడ మీద గదిలోనో ఇవాళ పాట రికార్డ్ అయిపోతోంది. స్టూడియోకి గంటల లెక్కన డబ్బులు కట్టక్కర్లేదు, ఆడియో కంపెనీల చుట్టూ తిరగక్కర్లేదు. కానీ పాట బయటికొచ్చాకే అసలు కథ మొదలవుతుంది. ఆ పాట ఎవరిది? డబ్బులొస్తే ఎవరికెంత? బ్యాండ్ విడిపోతే ఏంటి పరిస్థితి?

చౌరస్తా చూపించిన దారి

సినిమాతో పని లేకుండా తెలుగు పాట జనంలోకి వెళ్తుందా? వెళ్తుందని హైదరాబాద్ బ్యాండ్ 'చౌరస్తా' చూపించింది. జానపదానికి రెగె, రాక్ కలిపి నేరుగా యూట్యూబ్‌లో పాటలు వదిలింది. 'ఊరెళ్లిపోతా మామ' పాట చదువులు, ఉద్యోగాల కోసం పట్నం వచ్చిన కుర్రాళ్లకు బాగా కనెక్ట్ అయింది. 2020లో కరోనా మొదలైన రోజుల్లో జాగ్రత్తలు చెబుతూ చేసిన పాట కూడా ఫోన్లలో తెగ తిరిగింది.

ఆ బ్యాండ్ గొంతుగా పరిచయమైన రామ్ మిరియాల ఆ తర్వాత సినిమాల్లో బిజీ అయ్యారు. 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాట పాడారు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్‌కి ట్యూన్ కట్టి, తనే పాడారు. అంటే ఇండిపెండెంట్ పాట సినిమాకి గేట్‌పాస్ లాంటిది కూడా. అయితే ఒక తేడా ఉంది. సినిమా పాటకు పెట్టుబడి నిర్మాతది కాబట్టి హక్కులు మామూలుగా నిర్మాతకో, ఆడియో కంపెనీకో వెళ్తాయి. బ్యాండ్ సొంతంగా చేసుకున్న పాటకు మొదటి యజమాని ఆ బ్యాండే. చాలామందికి తెలియకుండానే చేజారేది ఇదే.

తూర్పున పాట.. పడమరన స్టేజ్!

కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లతో దిల్‌సుఖ్‌నగర్ ఎప్పుడూ కుర్రాళ్లతో కిటకిటలాడుతుంది. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు నుంచి వచ్చేవాళ్లకు ఎల్బీనగరే సిటీ గుమ్మం. వినేవాళ్లకు, వాయించేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. కానీ టికెట్ పెట్టి లైవ్ మ్యూజిక్ నడిపే కేఫ్‌లు, పబ్‌లు ఎక్కువగా జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ వైపే ఉన్నాయి. 2010 నుంచి కొత్త కళాకారులకు చోటిస్తున్న లామకాన్ కూడా బంజారాహిల్స్‌లోనే ఉంది.

2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట్–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక వెళ్లడం ఈజీ అయింది. కానీ డ్రమ్‌కిట్‌తో మెట్రో ఎక్కలేం కదా! షో ముగిసేసరికి చివరి రైలు వెళ్లిపోతే క్యాబే దిక్కు. వచ్చిన పేమెంట్‌లో సగం అక్కడే అయిపోతుంది. లైవ్ షోల మీద అంతగా మిగలనప్పుడు, రికార్డ్ చేసిన పాటే బ్యాండ్‌కున్న అసలు ఆస్తి.

వ్యూస్ వస్తే డబ్బులొచ్చినట్టేనా?

కాదు. యూట్యూబ్‌లో యాడ్స్ ఆదాయం రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతోపాటు ఏడాదిలో 4000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. స్పాటిఫై 2024 నుంచి కొత్త రూల్ పెట్టింది. ఏడాదిలో కనీసం 1000 సార్లు ప్లే అవ్వని పాటకు రాయల్టీ ఇవ్వదు. పైగా ప్లాట్‌ఫామ్‌లు శాశ్వతం కాదు. ఒకప్పుడు అందరి ఫోన్లలో ఉన్న వింక్ మ్యూజిక్ మూతపడింది. అందుకే ఒరిజినల్ ఫైల్స్ మన హార్డ్‌డిస్క్‌లో ఉండాల్సిందే.

చట్టం ఏం చెబుతోంది?

ఒకే పాటలో వేర్వేరు హక్కులుంటాయి. సాహిత్యం రాసినవాళ్లది, ట్యూన్ కట్టినవాళ్లది, రికార్డింగ్‌కి పూనుకున్న నిర్మాతది.. ఇలా దేనికదే.

* హక్కులు రాసివ్వాలంటే లిఖితపూర్వక ఒప్పందం తప్పనిసరి. నోటి మాట చెల్లదు.
* ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగానే చూస్తుంది. ఎక్కడివరకో రాయకపోతే భారత్ వరకే.
* 2012 సవరణ తర్వాత, రచయిత, సంగీత దర్శకుడు తమ రాయల్టీ వాటా వదులుకున్నట్టు సంతకం పెట్టినా అది చెల్లదు.
* రికార్డింగ్‌పై హక్కు 60 ఏళ్లు ఉంటుంది. ఇప్పుడు 20 ఏళ్ల కుర్రాడు చేసిన పాట అతనికి 80 ఏళ్లు వచ్చేదాకా ఆస్తే!

'శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా' అనే మాటలు అగ్రిమెంట్‌లో కనిపిస్తే అందుకే ఆగి చదవాలి.

పెద్దోళ్లకే తప్పలేదు

2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దంటూ ఇళయరాజా ఏకంగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంకే లీగల్ నోటీసు పంపారు. దశాబ్దాల స్నేహం మధ్యకి కాపీరైట్ వచ్చి కూర్చుంది. అమెరికాలో టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగ్‌లు 2019లో వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయాయి. సొంత పాటలే అయినా వాటిని తిరిగి కొనుక్కోవడానికి ఆమెకు 2025 మే వరకు పట్టింది. కోట్లున్నవాళ్ల పరిస్థితే ఇలా ఉంటే, హాస్టల్ ఫీజు లెక్కపెట్టుకునే కుర్రాళ్ల సంగతేంటి?

మరి ఏం చేయాలి?

రిలీజ్‌కి ముందే ఒక కాగితం రాసుకోవాలి. లిరిక్స్ ఎవరివి, ట్యూన్ ఎవరిది, ఖర్చు ఎవరు పెట్టారు, ఎవరికి ఎంత శాతం, ఒకరు వెళ్లిపోతే బ్యాండ్ పేరు ఎవరిది.. అన్నీ అందులో ఉండాలి. యూట్యూబ్ ఛానెల్ పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఇంటర్నెట్‌లో దొరికిన బీట్ వాడితే దాని లైసెన్స్ దాచుకోవాలి. లేకపోతే రేపు మన వీడియో మీదే కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు.

'ఫ్రెండ్స్ మధ్య కాగితాలెందుకురా' అనిపించడం సహజం. కానీ గొడవలొచ్చేది పాట ఫ్లాప్ అయినప్పుడు కాదు, హిట్టయినప్పుడే. పైసా రానప్పుడు రాసుకున్న కాగితమే అప్పుడు స్నేహాన్నీ, పాటనీ రెండింటినీ కాపాడుతుంది.