రైలు సరిహద్దు దాటింది, రైతు నాకా దగ్గరే ఆగాడు

మల్కనగిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు కొత్త రైలు మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. సుమారు 174 కిలోమీటర్ల ఈ మార్గం ఒడిశా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సరిహద్దులు దాటుతుంది. రైలు వస్తుందంటే సంతోషించని వారెవరు? మేమూ రైలుకు వ్యతిరేకం కాదు. అయితే సరిహద్దు దాటే రైలు మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. నూట యాభై ఏళ్ల కిందటే వచ్చింది. అప్పుడు ఎవరి డబ్బుతో వచ్చింది, ఎవరి సరుకు మోసింది, రైతుకు ఏం మిగిల్చింది అన్నది గుర్తు చేసుకుంటే, ఇప్పుడు మనం ఏం అడగాలో తెలుస్తుంది.

అప్పట్లో నిజాం రాజ్యం వేరు, బ్రిటిష్ ఇండియా వేరు. బొంబాయి–మద్రాసు రైలు దారి నిజాం రాజ్యం పడమటి అంచున గుల్బర్గా, రాయచూరు మీదుగా వెళ్లేది. ఆ దారిలోని వాడి స్టేషన్ నుంచి హైదరాబాద్‌కు 1874లో రైలు మార్గం వేశారు. సికింద్రాబాద్ కంటోన్మెంటుకు సైన్యాన్ని, సామగ్రిని చేరవేయడం బ్రిటిష్ వారి అవసరం. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. ఖజానా అంటే ఏమిటి? రైతు కట్టిన భూమిశిస్తే కదా!

ఆ తర్వాత 1883లో రైలును తూర్పున బెజవాడ వైపు, ఉత్తరాన చాందా వైపు పొడిగించే పథకం వచ్చింది. లండన్‌లో పెట్టిన ఒక కంపెనీకి ఆ పని అప్పగించారు. పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం ఇరవై ఏళ్ల పాటు హామీ ఇచ్చింది. రైలుకు రాబడి వచ్చినా రాకపోయినా వాటాదారుల వడ్డీకి ఢోకా లేదు. తక్కువ పడితే ఖజానా పూడ్చాలి. వాన కురవక పంట పోయిన రైతుకు మాత్రం ఏ హామీ లేదు. కంపెనీ పేరులోనే 'గ్యారంటీడ్' అన్న మాట ఉండేది. ఆ గ్యారంటీ ఎవరికో చెప్పనవసరం లేదు.

ఈ ఒప్పందం వివరాలు జనానికి చెప్పమని అడిగినవారు అప్పుడే ఉన్నారు. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటి వారు ముందుకు వచ్చి, ప్రజలతో చర్చించకుండా ఇంత పెద్ద భారం నెత్తికెత్తుకోవద్దన్నారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు అఘోరనాథ్‌ను హైదరాబాద్ రాజ్యం నుంచి బహిష్కరించడం. చాందా రైలు ఆందోళనగా చరిత్రకెక్కిన ఈ ఘటన మన ప్రాంతంలో ప్రజల తరఫున లెక్క అడిగిన తొలి ఉద్యమాల్లో ఒకటి. దీన్ని మనం మరిచిపోకూడదు.

రైలు 1886లో వరంగల్ చేరింది. 1888లో డోర్నకల్ మీదుగా ఇల్లెందు బొగ్గు గనులకు చేరింది. 1889లో సరిహద్దు దాటి బెజవాడలో అడుగుపెట్టింది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1870ల మొదట్లోనే కనిపెట్టాడు. తవ్వే హక్కు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కింది. బొగ్గున్న చోటికి రైలు రెండేళ్లలో వచ్చింది. పథకానికి పేరిచ్చిన చాందా వైపు కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయ్యేసరికి 1929 వచ్చింది. ఎవరికి అవసరమైన దారి ముందు పడుతుందో ఈ తేదీలే చెబుతాయి.

పట్టాలు సరిహద్దు దాటినా సరిహద్దు చెరిగిపోలేదు. నిజాం రాజ్యంలోకి వచ్చే సరుకు మీదా, బయటికి పోయే సరుకు మీదా కరోడ్‌గిరి సుంకం ఉండేది. నూటికి అయిదు. ఇటువైపు హాలీ సిక్కా, అటువైపు కల్దార్ రూపాయి. ఏడు హాలీ రూపాయలిస్తే సుమారుగా ఆరు కల్దార్ వచ్చేవి. అంటే అటువైపు అమ్ముడుపోయే సరుకు మీద సుంకం ఒక కోత, మారకం ఇంకో కోత. రైలు కిరాయి వీటికి అదనం. ఈ కోతలన్నీ లెక్క వేసుకున్న తర్వాతే వర్తకుడు రైతుకు ధర చెప్పేవాడు. ఇక బెజవాడలో నిజాం రైలుది పెద్ద గేజి, గుంతకల్లు నుంచి వచ్చే రైలుది మీటర్ గేజి. ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎత్తాల్సిందే. ఆ హమాలీ ఖర్చూ చివరికి పంట మీదే పడేది.

మేలు జరగలేదని మేం అనడం లేదు. రైలు వచ్చాక దూరపు మార్కెట్లు దగ్గరయ్యాయి. వరంగల్, ఖమ్మం, బెజవాడ వర్తక కేంద్రాలుగా పెరిగాయి. 1930లో నిజాం ప్రభుత్వం ఈ రైల్వేను కంపెనీ నుంచి కొనేసింది. స్వాతంత్ర్యం తర్వాత అది దేశ ప్రజల ఆస్తి అయింది. మన మాట ఒక్కటే: మేలు దానంతట అది రైతు గడపకు రాలేదు, రాదు.

ఇప్పటి సంగతి చూడండి. భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి వరకు 54 కిలోమీటర్ల మార్గం సింగరేణి బొగ్గు కోసం పూర్తయింది. 2022లో ప్రధాని దాన్ని జాతికి అంకితం చేశారు. అక్కడి నుంచి సరిహద్దు దాటి కొవ్వూరు వరకు వేయాల్సిన పట్టాలు మాత్రం ఏళ్ల తరబడి కాగితాల మీదే ఉన్నాయి. బొగ్గున్నంత దూరం రైలొచ్చింది. మామిడి, ఆయిల్‌పామ్, మొక్కజొన్న, ధాన్యం పండే దారిలో ఆగిపోయింది. 1888 నాటి కథే మళ్లీ నడిచింది. కరోడ్‌గిరి నాకాలు పోయాయి కానీ, కొనుగోళ్ల సీజన్‌లో పక్క రాష్ట్రం ధాన్యం లారీలను సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆపడం మనం చూస్తూనే ఉన్నాం. బొగ్గు వ్యాగన్‌ను ఏ చెక్‌పోస్టూ ఆపదు.

అందుకే కొత్త మార్గం పనులు మొదలు కాకముందే మనం కొన్ని విషయాలు గట్టిగా అడగాలి.

ఏ గ్రామంలో ఏ సర్వే నంబరు పోతుందో తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించాలి. ఏజెన్సీ గ్రామాల్లో పీసా చట్టం ప్రకారం గ్రామసభను సంప్రదించాలి. దాన్ని సంతకాల తంతుగా ముగించకూడదు. రైల్వే చట్టం కింద భూమి తీసుకున్నా పరిహారం, పునరావాసం 2013 భూసేకరణ చట్టం ప్రకారమే ఇవ్వాలని 2015లో కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది. భూమి విలువతో సమానమైన సొలేషియం అందులో ఉంది. దీన్ని చదవకుండా ఎవరూ సంతకం పెట్టవద్దు. కౌలుదారుకు, పోడు సాగుదారుకు దక్కాల్సింది దక్కాలి.

పట్టాల కోసం కట్ట పోస్తే వాగు నీరు ఎటు పోతుందో ముందే చూడాలి. తూములు చాలకపోతే కట్టకు ఎగువన చేను మునుగుతుంది, దిగువన చెరువు ఎండుతుంది. పొలానికి ఎడ్లబండి, ట్రాక్టరు వెళ్లే దారి పోకూడదు. పంట ఎత్తుకునే గూడ్స్ షెడ్లు, గోదాములు పథకంలోనే ఉండాలి. సత్తుపల్లి–కొవ్వూరు మార్గాన్ని పూర్తి చేయాలి.

1883లో లెక్క అడిగిన వాళ్లు కొద్దిమంది. వాళ్లను ఊరు దాటించి నోరు మూయించారు. ఇప్పుడు మూడు రాష్ట్రాల రైతులం ఒకేసారి అడిగితే ఎవరిని ఎక్కడికి పంపగలరు? మల్కనగిరి గిరిజన రైతు, భద్రాచలం రైతు, గోదావరి అవతలి రైతు ఒకే చోట కూర్చుని ఒకే వినతిపత్రం రాయాలి. సరిహద్దును రైలు దాటడానికి ముందే మనం దాటుదాం.