కూలిన చెట్టు పొయ్యి పాలేనా?

శ్రీకాకుళం: ఉద్దానంలో పెద్ద తుపాను వస్తే రైతు రెండుసార్లు నష్టపోతాడు. చెట్టు కూలినప్పుడు ఒకసారి, కూలిన చెట్టును వదిలించుకునేటప్పుడు మరోసారి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలను నేలమట్టం చేసింది. పంట పోయి దిగాలుపడిన రైతుకు మానులను తొలగించడం అదనపు భారమైంది. ఏళ్ల తరబడి పెరిగిన కలపను వంట చెరకు ధరకు వదులుకోవలసిన పరిస్థితి మళ్లీ రాకుండా ఏం చేయాలన్నది ఇప్పుడైనా ఆలోచించవలసిన విషయం.

దుంగను మిల్లుకు చేర్చడమే అసలు చిక్కు. పెద్ద మానును ఎత్తడానికి మనుషులు చాలరు. తోటల్లోకి లారీ వెళ్లే దారి ఉండదు. అంతా కలిపి చూస్తే రవాణా ఖర్చు కలప విలువను మింగేస్తుంది. మిల్లే దుంగ దగ్గరకు వస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. పలు దేశాల్లో వాడుకలో ఉన్న సంచార కోత మిషన్లు ఇందుకోసం తయారైనవే.

మిషను పనితీరు

ట్రాక్టరుకో, జీపుకో తగిలించి లాక్కుపోగల ఈ మిషనులో దుంగ కదలదు. దుంగను పట్టాల మధ్య బిగిస్తారు. ఇంజనుతో తిరిగే పట్టీ రంపం పట్టాల మీదుగా ముందుకు సాగి పలక కోస్తుంది. ఆపై రంపాన్ని పలక మందం మేరకు కిందికి దించి మళ్లీ కోస్తారు. ముందుగా నాలుగు వైపులా బెరడు చెక్కలు తీసి చదరం చేసుకుంటే పలకలు సమంగా వస్తాయి. ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు.

పట్టీ రంపం పలుచన కావడం రైతుకు లాభం. గుండ్రటి రంపం కోతకు సుమారు 6 మిల్లీమీటర్ల కలప పొట్టుగా పోతే, పట్టీ రంపానికి 2 మిల్లీమీటర్లు పోతుంది. పది కోతలకు 40 మిల్లీమీటర్ల కలప మిగులుతుంది. అంటే అంగుళం మందం పలక ఒకటి, దానిపైన మరో సగం దక్కినట్లే.

అయితే ఇది ఎవరు పడితే వారు చేసే పని కాదు. మానులో పాత మేకు ఒక్కటి ఉన్నా రంపం తెగుతుంది. దుంగ దొర్లితే ప్రాణాపాయం. కోసిన పలకలను ఎండకు పడేస్తే వంకర్లు తిరుగుతాయి. నీడలో, మధ్య మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేటట్లు పేర్చాలి. శిక్షణ లేకుండా మిషను ఇస్తే ఉపకారం బదులు అపకారం జరుగుతుంది.

కొబ్బరి సంగతి వేరు

పనస చెక్క విలువ మనవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పొరుగున ఉన్న బొబ్బిలి వీణ తయారయ్యేది దానితోనే. కొబ్బరి మాను తీరు మాత్రం వేరు. దీనికి చేవ వెలుపలి భాగంలో ఉంటుంది, లోపలి గుజ్జు మెత్తన. ముదురు చెట్టు మొదలు భాగంలో వెలుపలి చెక్క దూలాలకు, వాసాలకు పనికివస్తుంది. లోపలి భాగం బరువు మోయలేదు. ఆ చెక్క రంపం పళ్లను త్వరగా మొండిచేస్తుంది కనుక గట్టి లోహపు పళ్లున్న రంపం కావాలి.

పడిన కొబ్బరి మానులను అలాగే వదిలేయడం మరో ప్రమాదం. కుళ్లిన మానుల్లో కొమ్ము పురుగు పెరిగి, నిలిచిన చెట్లనూ కొత్తగా నాటిన మొక్కలనూ తినేస్తుంది. 2013 నవంబరులో హైయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లో 3 కోట్లకు పైగా కొబ్బరి చెట్లను దెబ్బతీసినప్పుడు అక్కడ ఎదురైన సమస్య ఇదే. అక్కడ పడిన మానులను ఊళ్లలోనే కోసి ఇళ్ల పునర్నిర్మాణానికి వాడుకున్నారు. పురుగు బెడద తగ్గించడానికీ, తలదాచుకోవడానికీ ఒకే పని అక్కరకు వచ్చింది.

చట్టం ఎందుకు అడ్డు?

మన రాష్ట్రంలో కోత మిల్లులకు 1969 నాటి నిబంధనలున్నాయి. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వులతో దేశమంతటా అడవుల నరికివేత మీద, మిల్లుల మీద అదుపు బిగిసింది. 2016లో కేంద్రం మార్గదర్శకాలు జారీ చేసి మిల్లుల అనుమతుల పరిశీలనను రాష్ట్రస్థాయి కమిటీలకు అప్పగించింది. ఈ ఏర్పాటంతా ఒకచోట స్థిరంగా ఉండే మిల్లును దృష్టిలో పెట్టుకుని చేసింది. ఊరూరా తిరిగే మిషను అందులో సులభంగా ఇమడదు.

దీనికి కారణం లేకపోలేదు. పగలు తోటలో తిరిగే మిషను రాత్రి అడవిలోకి వెళ్లదని హామీ ఏమిటి? టేకు, ఎర్రచందనం దొంగలతో విసిగిన రాష్ట్రంలో అటవీ అధికారుల భయాన్ని కొట్టిపారేయలేము. కానీ ఆ భయంతో కూలిన కొబ్బరి మానును కూడా అడవి దుంగతో సమానంగా చూస్తే నష్టపోయేది దొంగ కాదు, రైతు.

మధ్యేమార్గం అసాధ్యం కాదు. తుపాను బాధితమని ప్రకటించిన మండలాలకే, నిర్ణీత రోజులకే, కొబ్బరి, జీడి, మామిడి, పనస వంటి తోట చెట్లకే తాత్కాలిక అనుమతి ఇవ్వవచ్చు. మిషను ప్రైవేటు వ్యక్తి చేతిలో కాక సహకార సంఘం అధీనంలో ఉండాలి. ఏ రైతు చెట్టు ఎంత కోశారో రిజిస్టరులో రాయాలి. గడువు తీరగానే మిషను తిరిగి గోదాముకు చేరాలి. ఇందుకు అవసరమైన అనుమతులను ముందే సాధించి పెట్టవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

తుపాను వచ్చాక ఫైలు కదిపితే అనుమతి వచ్చేసరికి మాను కుళ్లిపోతుంది. నాటు కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లు రైతు చేతిలో మిగిలేది పడిన చెట్టు విలువే. దాన్ని బూడిద కానీయకుండా చూడటం నష్టపరిహారం ఇవ్వడం కన్నా తక్కువ సాయమేమీ కాదు. ఆ ఏర్పాటు మాత్రం వాతావరణం ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే జరగాలి.