పొద్దున కూలీలు, మాపటికి పత్తి: ఒక్క బండికి రెండు డబ్బాలు ఎందుకు వద్దు?

పత్తి ఏరే కాలమొస్తే ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల్లో తెల్లారకముందే ట్రాలీ ఆటోలు మాల మాదిగ వాడల ముందర వచ్చి నిలబడతయి. ఆసిఫాబాద్ దిక్కు గోండు, కొలాం గూడేల ముందర కూడా అంతే. సద్ది డబ్బా, నీళ్ల సీసా, ఒడి కట్టుకునే బట్ట పట్టుకొని ఆడోళ్లు ఎక్కుతరు. ఇరవై మందా, ఇరవై అయిదు మందా, లెక్క ఎవరు పెడతరు? కూసునేందుకు బల్ల లేదు, పట్టుకునేందుకు కమ్మి లేదు. ఆఖరుకు ఎక్కిన పిల్ల వెనక తలుపు మీద కూసుంటది. అదే బండి మాపటికి పత్తి బోరాలు నింపుకొని మార్కెట్‌కు పోతది. బోరాలకు మాత్రం తాడు కడతరు.

మా మండలంలో ఒక ట్రాలీ కల్వర్టు కాడ బోల్తా పడ్డది. ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు అప్పుడు నా దగ్గర ఏడో తరగతి. కేసు నడిచినప్పుడు బీమా కంపెనీ వకీలు అడిగిన ప్రశ్న నేను చెవులారా విన్న. "మృతురాలు ఆ బండిలో ఉన్న ఏ సరుకుకు యజమాని?" సద్ది డబ్బాకు అని చెప్పబుద్ధయింది. వకీలును తిట్టి లాభం లేదు, చట్టమే అట్లున్నది. సరుకుల బండిలో సరుకు యజమానికో, ఆయన తరఫున వచ్చినోనికో తప్ప, ఉత్తగ ఎక్కిన ప్రయాణీకులకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2002 డిసెంబర్‌లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పత్తికి ఉన్న రక్షణ పత్తి ఏరే మనిషికి లేదు.

ఇప్పుడు చేదు మాట ఒకటి చెప్పాలె. ఆ బండి తోలెటోడు చాలా ఊర్లల్ల మనోడే. దళిత బంధు 2021 ఆగస్టు 16న హుజూరాబాద్ మండలం శాలపల్లిలో మొదలైంది. కుటుంబానికి 10 లక్షలు, తిరిగి కట్టే పని లేదు. ఏం పెట్టుకుంటరు అని అడిగితే మనోళ్లు ఎక్కువగా బండ్లే అడిగిండ్రు. ఎందుకడగరు? భూమి లేదు, దుకాణం పెడితే మన చేతి సరుకు కొనెటోళ్లు తక్కువ, తెలిసింది స్టీరింగ్ ఒకటే. కానీ ఒక ఊర్ల పది బండ్లు ఒక్కతీరువే దిగితే కిరాయి ఎక్కడిది? సరుకు మూడు నెలలు, ఖాళీ తొమ్మిది నెలలు. డీజిల్ ఎల్లాలంటే మనుషులను ఎక్కించుకోవాలె. ఆసామి తలకు ఇంత అని కిరాయి ఇస్తడు గనుక ఎన్ని తలలుంటే అంత. ఆసామి మీద కేసు కాదు, చలాన్ రాసేది డ్రైవర్ పేరు మీద. సచ్చేది కూలి అక్క, జైలుకు పోయేది ఆటో తమ్ముడు. ఇద్దరూ ఒక్క వాడోళ్లే.

మరి దీనికి తొవ్వ లేదా? మన తాతల ఎడ్లబండిని యాది చేసుకోండి. ఇరుసు అదే, చక్రాలు అవే, నొగలు, కాడి అవే. పెంట తోలేటప్పుడు చుట్టూ తడకలు కట్టేది. గడ్డి తోలేటప్పుడు తడకలు తీసి పొడుగు కట్టెలు పెట్టేది. జాతరకు పోయేటప్పుడు వెదురు వంచి గూడు కట్టి, కింద గడ్డి పరిచి, ముసలోళ్లను పిల్లలను కూసోబెట్టేది. కొత్తకొండ జాతరకు బండ్లు కట్టుకొని పోయింది అట్లనే. పొద్దున పెంటబండి, మాపటికి సవారి బండి! ఆ చక్రం చేసింది వడ్లాయన, పట్టా వేసింది కమ్మరాయన, కాడిని బిగించే తోలువారు కోసింది మాదిగాయన. ఏ కాలేజీల చదివిండ్రు వీళ్లు? ఇయ్యాల ఇంజనీర్లు దీన్నే కొత్త విద్య లెక్క చెప్తున్నరు. 2024 జనవరిలో హీరో కంపెనీ జైపూర్‌లో ఒక బ్యాటరీ బండి చూపింది. మూడు చక్రాల సరుకుల బండి అది. ముందు భాగం విప్పితే స్కూటర్ అయి ఉరుకుతది.

నేనడిగేది అంత వింత కూడా కాదు. లారీ మీద కంటైనర్‌ను చూసే ఉంటరు, నాలుగు మూలల లాకులు తిప్పితే దిగుతది, తిప్పితే బిగుస్తది. చిన్న బండికి కూడా అట్లనే రెండు డబ్బాలు కావాలె. ఒకటి ఉత్త సరుకు డబ్బా. ఇంకోటి సీట్లు, బెల్టులు, పైకప్పు, పక్క కమ్ములు ఉన్న మనుషుల డబ్బా. అయితే మూడు చక్రాల ఆటో మీద ఇది వద్దు అంటాను. బరువు పైకి పోతే మలుపు కాడ అది నిలువదు. 2005లో వచ్చిన టాటా ఏస్, అదే మన చోటా హాతీ, అసొంటి నాలుగు చక్రాల బండ్ల మీద కంపెనీయే రెండు డబ్బాలు తయారు చేసి, పరీక్ష చేయించి, అమ్మాలె. మనం సొంతంగా వెల్డింగ్ షాపుల బల్లలు అతికిస్తే మళ్లీ అదే సావు.

అడ్డమేంది? చట్టంలో 52వ సెక్షన్. కంపెనీ చెప్పిన నమూనాకు భిన్నంగా బండిని మార్చొద్దంటది. మనుషుల బండికి ఒక పర్మిట్, సరుకు బండికి ఇంకో పర్మిట్, బీమా వేరే. రూలు ఉండాల్సిందే, తమాషాకు పెట్టింది కాదు. కానీ రూలు రాయి మీద గీత కాదు గదా! 2018 అక్టోబర్‌లో కేంద్రమే బ్యాటరీతో నడిచే రవాణా బండ్లకు పర్మిట్ అక్కర లేదన్నది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు, లైట్ మోటార్ లైసెన్స్ ఉన్నోళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండి కూడా తోలొచ్చని చెప్పింది. లైసెన్స్ ఒక్కటి సరిపోయినప్పుడు, రెండు డబ్బాలకు కలిపి ఒక్క రిజిస్ట్రేషన్, ఒక్క బీమా ఎందుకు కుదరదు?

మనలో కొందరు అన్నలు నవ్వుతరని తెలుసు. "సార్, భూమి అడగాల్సిన నోటితోని సీట్లు అడుగుతున్నవా?" అంటరు. భూమి అడుగుడు ఆపమని నేననలే. 1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్లు అంబేద్కర్‌ను ఎక్కించుకోమన్నరు. వాడోళ్లు టాంగా కిరాయికి తెచ్చి, తోలుడు రాని మనోన్ని కూసోబెట్టిండ్రు. కల్వర్టు మీద టాంగా దెబ్బతిని బాబాసాహెబ్ కాలు విరిగింది. ఎక్కనియ్యకపోవుడు వాళ్ల కులం పని. కానీ ఎక్కించుకున్న మన బండి కూడా భద్రంగా ఉండాలె గదా?

కార్తీకం దాటితే పత్తి ఏరుడు జోరందుకుంటది. అంతకు ముందే కలెక్టరేట్‌కు, ఆర్టీఏ ఆఫీసుకు దరఖాస్తు పట్టుకొని పోదాం. ఉత్త చేతులతో పోతే లాభం లేదు. మీ ఊరి నుంచి పొద్దున ఎన్ని బండ్లు పోతున్నయి, ఒక్కో దాంట్ల ఎంతమంది, అందులో బడి పిల్లలు ఎందరు, కిరాయి ఎవరిస్తున్నరు, కింద పడి దెబ్బ తాకినోళ్లకు ఏమన్న అందిందా, ఒక కాయితం మీద రాసి వచ్చే సంచిక లోపల పంపుండ్రి. డ్రైవర్ తమ్ముళ్లు కూడా రాయాలె. మీ నంబరు ప్లేటు మేం అచ్చేయం.